నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు ఒంటి భద్రత ఆటలు: ఏవి పనికొస్తాయి, ఏవి బెడిసికొడతాయి?

పలకాబలపం (ప్రశ్న)

నమస్తే అండీ. యూకేజీ, ఒకటో తరగతి కలిపి 24 మంది పిల్లలు. వయసు నాలుగున్నర నుంచి ఏడు. వారానికి ఒక పీరియడు, 20 నిమిషాలు, మొత్తం ఆరు వారాలు దొరికాయి. పిల్లల్ని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చే పని పెట్టుకోకుండా ఆటల్లోనే నడిపించాలని ఉంది. ప్రస్తుతం అనుకున్నవి మూడు.

వైకుంఠపాళి: మామూలు 100 గళ్ల పటం. నిచ్చెనల దగ్గర "గట్టిగా వద్దు అన్నావు", "పారిపోయి వచ్చావు" అని. పాముల దగ్గర "తెలియని మనిషి ఇచ్చిన చాక్లెట్ తిన్నావు", "ఒంటరిగా వెళ్లావు", "అమ్మకు చెప్పలేదు" అని.

నాటకం: ఒక టీచర్ చెడ్డ అంకుల్‌గా వచ్చి పట్టుకోబోతే పిల్లలు అరిచి పారిపోవడం.

ఫోన్ క్విజ్: బొమ్మలు చూపించి గుడ్ టచ్చా, బ్యాడ్ టచ్చా అని అడగడం. ఎక్కువ మార్కులొచ్చిన ముగ్గురికి బహుమతి.

వీటిలో ఏం మార్చాలి? పిల్లలు భయపడకుండా ఎలా? తల్లిదండ్రులు "ఇంత చిన్నవాళ్లకా?" అంటే ఏం చెప్పాలి? ఆట మధ్యలో ఏ పిల్లో పిల్లాడో "నాకూ ఇలా జరిగింది" అంటే ఏం చెయ్యాలి?

---

ఆటలపెట్టె

మేడమ్, మూడింట్లో నాటకం పూర్తిగా తీసేయండి. క్విజ్‌కు బహుమతి పీకేయండి. వైకుంఠపాళిని తిరగరాయాలి. కారణాలు చెప్తాను.

ముందు వైకుంఠపాళి. మీ పాములన్నీ పిల్ల చేసిన తప్పులే. "ఒంటరిగా వెళ్లావు" అని పాము మింగితే, ఇప్పటికే అలాంటిది జరిగిన పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే: నా వల్లే అయింది. అలాంటి పిల్లలు మీ తరగతిలో లేరని అనుకోవడానికి లేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నవాళ్లు 53.22 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎక్కువ నమోదైన రాష్ట్రాల వరుసలో ఉంది. మగపిల్లల లెక్క ఆడపిల్లల కంటే తక్కువేమీ కాదు. కాబట్టి ఏ కార్డు రాసినా, ఆ పిల్ల కూడా ఈ గదిలోనే కూర్చుని వింటోందని అనుకుని రాయండి.

నాటకం ఎందుకు వద్దంటే, వేధించేవాడు ఎక్కువసార్లు మొదలుపెట్టేదే "రా, ఒక ఆట ఆడదాం" అని. పెద్దమనిషి మీదికి రావడం, పిల్ల కేకలు వేయడం, అందరూ నవ్వడం, ఇదంతా మనమే ఆటగా అలవాటు చేస్తే వాడి పని సులువవుతుంది. పైగా రేపు ఆ పిల్ల వచ్చి చెప్పుకోవలసిన టీచరే ఇవాళ చెడ్డ అంకుల్ వేషం కట్టారు. నియమం ఇలా పెట్టుకోండి: తప్పు పని అనే భాగం కార్డు మీది మాటల్లోనే ఉండాలి. పిల్లల ఒళ్ళు కదిలేది "వద్దు, జరుగు, చెప్పు" అనే భాగంలో మాత్రమే.

క్విజ్‌లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల కూడా నోరు తెరిచి చెప్పలేకపోవచ్చు. బొమ్మను గుర్తుపట్టడం ఒకటి, చేసి చూపించడం ఇంకొకటి. ఈ వయసుకు నిలిచేది చెప్పడం, చేసి చూపడం, పిల్లచేత చేయించడం, అక్కడికక్కడే సరిదిద్దడం, ఈ నాలుగూ కలిసినప్పుడే.

ఇక చేయదగ్గ ఆట. నేల-బండ పిల్లలందరికీ వచ్చిందే. పట్టుకునే దొంగను తీసేయండి. గదిలో ఒక పక్క సుద్దముక్కతో పెద్ద గుండ్రం గీసి అదే బండ అనండి. ఎత్తు పీటలు, ఇటుకలు పెట్టకండి, తోసుకుని పడతారు. గుండ్రానికి నాలుగడుగుల అవతల ఒక కుర్చీ, అది "చెప్పే కుర్చీ". మీరు కార్డు చదువుతారు. ఫరవాలేదనిపిస్తే నేల మీదే నిలబడాలి. కాదనిపిస్తే బండ మీదికి గెంతి, అరచెయ్యి ముందుకు చాపి "వద్దు!" అనాలి, అక్కడినుంచి కుర్చీ దగ్గరికి వెళ్లి ఏమైందో ఒక్క వాక్యంలో చెప్పాలి. మూడో మెట్టు వదిలేస్తే ఆట ఆడనట్టే.

కార్డులు 12. నేలవి 7, బండవి 5. నేలవి ఎక్కువ ఎందుకంటే, చెడ్డవే చదువుతూ పోతే పిల్లలు ప్రతిదానికీ బండెక్కుతారు. ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ స్నానం చేయిస్తానంటే ఏడుపు. మర్నాడు బడికి ఫోను.

నేల కార్డులు: అమ్మ స్నానం చేయించింది. నానమ్మ తలకు నూనె రాసింది. నాన్న పక్కనుండగా డాక్టరు పొట్ట నొక్కి చూశారు. నర్సమ్మ సూది వేసింది, నొప్పి పుట్టింది. నువ్వు పిలిస్తే ఆయమ్మ వచ్చి ప్యాంటు గుండీ పెట్టింది. నీ ఫ్రెండు అడిగి చెయ్యి పట్టుకున్నాడు. మంగలి మెడ దగ్గర వెంట్రుకలు దులిపాడు.

బండ కార్డులు: వ్యాన్ అంకుల్ ఒళ్లో కూర్చుంటేనే ఫోన్ ఇస్తానన్నాడు. పెద్దన్నయ్య చెడ్డీ విప్పే ఆట ఆడదామన్నాడు. చుట్టాలాయన బట్టలు మార్చుకునేటప్పుడు ఫొటో తీశాడు. ట్యూషన్ అక్క చెడ్డీ కప్పే చోట ముట్టుకుని, ఎవరికీ చెప్పకు అంది. బాబాయి గిలిగింతలు పెట్టాడు, ఆపమన్నా ఆపలేదు.

సూది, గిలిగింతలు, ఈ రెండు కార్డులు తప్పనిసరి. సూది నొప్పి పెడుతుంది కానీ ఫరవాలేదు. గిలిగింతలకు నవ్వొస్తుంది కానీ ఆపమన్నాక ఆపకపోతే ఫరవాలేదనలేం. ఇక్కడే పిల్లలు తడబడతారు, తడబడనివ్వండి. "నీకు ఎలా అనిపించింది?" అనే ప్రశ్న మీద ఆధారపడితే ఐదేళ్ల పిల్ల తేల్చుకోలేదు. సూటిగా నియమమే ఇవ్వాలి: చెడ్డీ, బనియను కప్పే చోట్లు నీవి. ఒళ్ళు శుభ్రం చెయ్యడానికో, జబ్బు చూడడానికో, మన పెద్దవాళ్లకు తెలిసి అయితేనే ఎవరైనా ముట్టుకోవచ్చు. ఆపు అంటే ఆగాలి.

ఎదురయ్యే తంటా: 24 మందీ ఒకేసారి ఆడితే ఇద్దరు గెంతుతారు, మిగతా 22 మంది వాళ్ల వెంట గెంతుతారు. ఆరుగురేసి చొప్పున నాలుగు జట్లు చెయ్యండి. ఒక జట్టు ఆడుతుంటే మిగతావాళ్లు కళ్లు మూసుకుని బొటనవేలు పైకో కిందికో చూపించాలి. ఎవరికి అర్థం కాలేదో మీకు అక్కడే తెలిసిపోతుంది. ఓడిపోవడం, ఔట్ అవడం ఏమీ వద్దు.

---

కర్రసాము

ఇంత హంగామా ఎందుకండీ? తెలియనివాళ్ల దగ్గరికి పోవద్దని చెప్పండి, కాస్త కరాటే నేర్పండి. చేసేవాడి వేలు కొరికి పారిపోతారు. మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?

---

ఆటలపెట్టె

2007 అధ్యయనంలోనే వేధించినవాళ్లలో సుమారు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మే స్థానంలో ఉన్నవాళ్లు. పోలీసు కేసుల దాకా వచ్చినవాటిలో ఆ వాటా ఇంకా చాలా ఎక్కువ. తెలియనివాడి గురించే చెప్తే, తెలిసినవాడు ఆ లెక్కలోకి రాడని పిల్ల అనుకుంటుంది. ఐదేళ్ల పిల్లకు తెలియనివాడంటే మీసాలు, గోనెసంచి ఉన్నవాడు. రెండుసార్లు చాక్లెట్ ఇస్తే తెలిసినవాడైపోతాడు.

కరాటే మంచిదే, ఒంటికి. కానీ 18 కిలోల పిల్ల 70 కిలోల మనిషిని ఆపగలదని నమ్మిస్తే, రేపు ఆపలేకపోయినప్పుడు ఆ నేరం తన మీదే వేసుకుంటుంది. భయంతో బిగుసుకుపోవడం పెద్దవాళ్లకే జరుగుతుంది. అందుకే ప్రతి ఆటలో ఈ వాక్యం వినిపించాలి: "వద్దు అనలేకపోయినా ఫరవాలేదు. తర్వాతైనా చెప్పొచ్చు. ఎన్నాళ్లయినా చెప్పొచ్చు."

---

బడిగంట

పై సార్ చెప్పిన దానికి కలుపుతున్న. ఆరు వారాల్ల సగం టైము చెప్పే పని మీదనే పెట్టుండ్రి. పిల్లలు చెప్పనే చెప్పరని అనుకుంటం గానీ, చాలాసార్లు చెప్తరు. ఒక్కసారి చెప్తరు, వంకరగ చెప్తరు, వినే మనిషి చేతిల పని ఉంటది. "ఆ తాత దగ్గరికి పోను" అంటరు. మనం "తప్పు, పెద్దోళ్లని అట్ల అనొద్దు" అంటం. ముచ్చట అక్కడ్నే ఆగిపోతది.

మూడు కుర్చీల ఆట గీ సమస్య కోసమే. ముగ్గురు పెద్దోళ్లు కావాలె. టీచర్లు ఇద్దరు, ఆయమ్మ ఒకరు ఉంటే సాలు. కుర్చీలు వరుసగ వేసి కూసోవాలె. పిల్లకు ఒక చీటీ ఇయ్యాలె. చీటీల ఉండేది ఒళ్ళు ముట్టుకునే ముచ్చట కాదు, చిన్నదే: "పై క్లాసు పిల్లగాడు నా రంగుల డబ్బా గుంజుకున్నడు, ఎవ్వరికీ చెప్పొద్దన్నడు." పిల్ల మొదటి కుర్చీ దగ్గరికి పోయి చెప్తది. ఆ మనిషి ఫోన్ చూసుకుంట "తర్వాత చెప్పు బిడ్డా" అనాలె. పిల్ల రెండో కుర్చీకి పోవాలె. రెండో మనిషి "వాడు మంచోడు, అట్ల చెయ్యడు" అనాలె. మూడో కుర్చీకి పోవాలె. మూడో మనిషి ఫోన్ పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూసోని, "చెప్పినవ్, మంచి పని చేసినవ్. నీ తప్పు లేదు. ఇప్పుడు నేను చూసుకుంట" అనాలె. చప్పట్లు అప్పుడు కొట్టాలె.

మొదటిసారి ఆడినప్పుడు సగం మంది మొదటి కుర్చీ కాడనే ఆగి తల వంచుకుని ఎనుకకు వస్తరు. తిట్టొద్దు, తోసొద్దు. "ఇంకో కుర్చీ ఉంది కదా?" అని చూపెట్టుండ్రి. రెండో వారం మల్ల ఆడిపిస్తే చాలామంది తమంతట తామే నడుస్తరు. ఒక్కొక్కరికి నిమిషంన్నర పడుతది, 24 మంది ఒక్క పీరియడ్ల కారు. రోజుకు ఎనిమిది మంది చొప్పున మూడు రోజులు చెయ్యుండ్రి. ఒద్దంటే గుంజి చేపియ్యొద్దు, చూసుకుంట కూసున్నా నేర్చుకుంటరు.

ఒక జాగ్రత్త. ఒకే టీచర్ ప్రతిసారి మొదటి కుర్చీల కూసుంటే ఆమె వినదని పిల్లలకు మనసుల పడుతది. కుర్చీలు మార్చుకోవాలె. ఆట అయినంక "నేను ఆటల వినలేదు, నిజంగ అయితే వింట" అని నోటితో చెప్పాలె.

దీనికి ముందు చేతి బొమ్మ గీయించుండ్రి. తెల్ల కాయితం మీద ఎడమ చెయ్యి పెట్టి అచ్చు గీసి, ఒక్కో వేలికి ఒక్కో మనిషి. రాయొస్తే పేరు, రాకుంటే బొమ్మ. ఇద్దరు ఇంటోళ్లు, ఒక్కరన్న ఇంటి బయటోళ్లు తప్పకుండ ఉండాలె. ఐదుగురూ ఒకే ఇంటోళ్లైతే, ఆ ఇంట్లనే ముసిబతు ఉన్నప్పుడు పిల్లకు తొవ్వ ఉండది. పేర్లు మీరు అందియ్యొద్దు. "అమ్మ రాయవా?" అని అస్సలు అనొద్దు. ఏదన్న వేలు ఖాళీగ ఉంటే ఉండనీయుండ్రి, మీ దస్త్రంల రాసుకోండ్రి. ఆ కాయితాలు గోడకు అంటియ్యొద్దు. ఎవరు ఎవరిని నమ్ముతరో నలుగురికి ఎరుక కావొద్దు.

---

పలకాబలపం

చాలా ఉపయోగంగా ఉంది. రెండు చిన్న సందేహాలు. ఒంటి భాగాలకు ఏ మాటలు వాడాలి? ఇంట్లో అందరూ "షేమ్ షేమ్" అంటారు. రెండోది, రహస్యాల సంగతి. పుట్టినరోజు కానుక దాచిపెట్టడం కూడా రహస్యమేగా, తేడా ఎలా చూపించాలి?

---

ఆటలపెట్టె

"షేమ్ షేమ్" మాత్రం మానిపించండి. ఆ చోటు పేరే సిగ్గు అయితే, అక్కడ ఏమైనా అయినప్పుడు పిల్ల నోరు పెగలదు. ఛాతీ, పిర్రలు, ఉచ్చ పోసుకునే చోటు, దొడ్డికెళ్లే చోటు అంటే చాలు, తల్లిదండ్రులకూ ఎబ్బెట్టుగా ఉండదు. ఒప్పుకునేవాళ్లుంటే పురుషాంగం, యోని అని కూడా నేర్పొచ్చు. ముఖ్యమేమిటంటే బయటి మనిషి వింటే అర్థం కావాలి. ఇంటి ముద్దుపేరు ఒక్క ఇంటికే తెలుస్తుంది. పిల్ల బడికొచ్చి "నా బుజ్జి నొప్పి" అంటే టీచరు బొమ్మ గురించనుకుంటారు.

దీనికి బొమ్మకు బట్టలు ఆట. అట్ట మీద రెండు బొమ్మలు గీయండి, ఆడపిల్ల, మగపిల్లాడు, ఒక్కోటి రెండడుగుల ఎత్తు. చెడ్డీ, బనియను బొమ్మ మీదే గీసి రంగు వేసెయ్యండి, అవి ఊడిరాకూడదు. పైబట్టలు మాత్రం విడిగా కత్తిరించి పిల్లలచేత తొడిగించండి. తొడుగుతూ భాగాల పేర్లు పాటలా చెప్పుకుంటూ పోవాలి: తల, మెడ, భుజం, ఛాతీ, పొట్ట, పిర్రలు, మోకాలు. మధ్యలో గొంతు తగ్గించకండి, మీరు తగ్గిస్తే వాళ్లు నవ్వుతారు. అంగాలున్న బొమ్మలు తరగతిలో వాడొద్దు. వాటిని వాడేది పిల్లలతో మాట్లాడడానికి శిక్షణ పొందిన నిపుణులు. మన చేతిలో అవి అనవసర అనుమానాలకే దారి తీస్తాయి.

రహస్యాలకు రెండు డబ్బాలు. బూట్ల అట్టపెట్టెలు సరిపోతాయి. ఒకటి "కానుక డబ్బా", ఇంకోటి "చెప్పేసే డబ్బా". పిల్లలడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎప్పుడైనా అందరికీ తెలిసిపోతుందా? నాన్నకు చొక్కా కొన్నాం, పుట్టినరోజుకు తెలుస్తుంది: కానుక డబ్బా. "అమ్మకు ఎప్పటికీ చెప్పకు, చెప్తే మీ అమ్మ చచ్చిపోతుంది": చెప్పేసే డబ్బా. కార్డులు 10 చాలు. వాటిలో "చెప్తే నిన్నే కొడతారు", "ఇది మనిద్దరి ఆట", "నీకు ఫోన్ ఇచ్చాగా, చెప్పకు" తప్పకుండా పెట్టండి. వేధించేవాళ్లు నిజంగా వాడే మాటలవి. అలాంటి మాట వినపడగానే చెప్పేసే డబ్బా గుర్తురావాలి. కొంచెం పెద్దవాళ్లకు "గేమ్‌లో పరిచయమైనవాళ్లు ఫొటో పంపమన్నారు" అన్నది కూడా కలపండి.

ఈ ఆటలో టీచర్లు మాట జారేదొకటుంది: "మీలో ఎవరికైనా ఇలాంటి రహస్యాలున్నాయా?" నలుగురి మధ్య ఆ ప్రశ్న ఎప్పుడూ వేయకండి.

---

కచేరీమెట్లు

ఆట మధ్యలో పిల్ల చెప్పేస్తే ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు. అది ముందే కాగితం మీద పెట్టుకోకుండా ఈ పీరియడు మొదలుపెట్టకండి.

నలుగురిలో "మా మావయ్య కూడా..." అని మొదలుపెడితే మెల్లగా ఆపండి: "నువ్వు చెప్పేది నాకు చాలా ముఖ్యం. మనిద్దరం ఇప్పుడే పక్కకు వెళ్లి మాట్లాడుకుందాం." రెండో టీచరు ఆట కొనసాగించాలి. అందుకే ఈ పీరియడుకు ఇద్దరుండాలి. రేపు మాట్లాడదాం అంటే కుదరదు. ఇదే కారణానికి పీరియడు ఉదయంపూట, సోమవారం నుంచి బుధవారం లోపు పెట్టుకోండి. శనివారం చివరి గంటలో పెడితే, చెప్పాలనుకున్న పిల్ల ఆదివారమంతా ఆ ఇంట్లోనే ఉంటుంది.

విడిగా కూర్చున్నాక: వినండి. "చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అనండి. "తర్వాత ఏమైంది?" దాకా అడగొచ్చు. "ఫలానా అంకులేనా?", "ఇక్కడ ముట్టుకున్నాడా?" అని మనం పేర్లు, చోట్లు అందించకూడదు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అనకూడదు. "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకూడదు, ఆ మాట నిలబెట్టుకోలేరు. పిల్ల వాడిన మాటలే, తేదీ, సమయంతో రాసుకోండి, మీ భాషలోకి మార్చకండి. వీడియో తీయొద్దు. హెడ్మాస్టరు ముందు ఒకసారి, కరస్పాండెంట్ ముందు ఒకసారి మళ్లీ చెప్పించొద్దు.

చట్టం సంగతి. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012, ఆ ఏడాది నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్లలోపు ఆడ, మగ పిల్లలందరికీ వర్తిస్తుంది. సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. రుజువు చేయాల్సిన పని మీది కాదు. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా లేదా రెండూ. సంస్థ అధిపతి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని కూడా సెక్షన్ 19లోనే ఉంది. "బడి పరువు" అనే వాదనకు చట్టంలో చోటు లేదు.

తల్లిదండ్రులు భయపడేది పిల్లను స్టేషనుకు తిప్పుతారని. సెక్షన్ 24 ప్రకారం వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, పిల్లకు ఇష్టమైన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా. రాత్రిపూట పిల్లను స్టేషన్లో ఉంచకూడదు. అమ్మానాన్న గానీ పిల్ల నమ్మే మనిషి గానీ పక్కన ఉండొచ్చు. 24 గంటల్లోపు పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. పిల్ల పేరు, బడి పేరు, ఫొటో బయటపెట్టడం నేరం. టీచర్ల వాట్సాప్ గ్రూపు కూడా బయటే.

జరిగి మూడు నాలుగు రోజులే అయితే ఆసుపత్రికి వెళ్లేదాకా స్నానం చేయించొద్దు. అప్పుడు వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరి ఆధారాలు చెడిపోతాయి.

1098 బాలల సహాయ నంబరు, రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు. అత్యవసరమైతే 112. తెలంగాణలో అయితే భరోసా కేంద్రాల్లో కౌన్సెలింగ్, వైద్యం, న్యాయసాయం ఒకే కప్పు కింద దొరుకుతాయి. మొదటిది 2016లో హైదరాబాదులో తెరిచారు. ఆంధ్రలో వన్ స్టాప్ కేంద్రాలున్నాయి. మీ జిల్లా కేంద్రం నంబరు, మీ స్టేషను నంబరు ముందే ఆఫీసు గోడ మీద రాసి పెట్టండి.

---

నిమ్మళం

ఆటల గురించి బాగానే రాశారు గానీ ఒక మాట. ఐదేళ్ల పిల్లకు వద్దనడం నేర్పి, పెద్దవాళ్లం చేతులు దులుపుకోకూడదు. ఆరు వారాల ఆటలకు ముందు బడిలో ఒక గంట తిరగండి. పిల్లలు మరుగుదొడ్డికి వెళ్లే దారి ఎవరికైనా కనబడుతోందా? తలుపు గడియ లోపలినుంచి పిల్లకు అందుతోందా? ఒంటరిగా ఒక పెద్దమనిషి, ఒక పిల్ల మిగిలే చోట్లు ఎన్ని? వ్యాన్‌లో చివర దిగే పిల్ల ఎవరు? స్టోర్‌రూమ్ తాళం ఎవరి దగ్గర? పోక్సో నియమాలు 2020 ప్రకారం పిల్లల సంస్థల్లో పనిచేసేవాళ్లకు పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, పిల్లల భద్రత మీద ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలి. డ్రైవరు, క్లీనరు, ఆయా, వాచ్‌మన్, శనివారం వచ్చే డ్యాన్స్ మాస్టారు, అందరూ ఆ లెక్కలోకే వస్తారు.

టీచర్లు "ఆపు" అంటే ఆగకపోతే ఆటలన్నీ దండగ. పిల్ల బుగ్గ గిల్లొద్దంటే గిల్లకూడదు. పొద్దున బడిలోకి వచ్చేటప్పుడు నమస్కారం, చెయ్యి ఊపడం, చేతులు కలపడం, ఈ మూడు బొమ్మలు తలుపు మీద అంటించి, ఏది కావాలంటే అది తాకమనండి. కొందరు రోజూ చెయ్యి ఊపడమే ఎంచుకుంటారు. ఎంచుకోనివ్వండి.

తల్లిదండ్రుల సమావేశం ఆటలకు ఒక వారం ముందు, 40 నిమిషాలు. కార్డులన్నీ వాళ్ల చేతికిచ్చి చదవనివ్వండి. దాచినకొద్దీ అనుమానం పెరుగుతుంది. "ఇంత చిన్నవాళ్లకా?" అంటే మాటలతో వాదించకుండా నేల-బండ వాళ్లతోనే ఆడించండి. సూది కార్డు దగ్గర వాళ్లూ తడబడతారు. తర్వాత ఇంటికి ఒక్క పని ఇవ్వండి: చుట్టాలొచ్చినప్పుడు "తాతయ్యకు ముద్దు పెట్టు" అని బలవంతం చేయకుండా ఉండడం. అందరికంటే ఎక్కువ అభ్యంతరం దీనికే వస్తుంది. నమస్కారం పెడితే పెద్దరికానికేం లోటు రాదని చెప్పండి. నాన్నలు, తాతలు, నానమ్మలు కూడా రావాలి, ఒక్క అమ్మలొస్తే సరిపోదు.

---

మెత్తనిపలక

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు మీ 24 మందిలో ఉంటే పై ఆటలు యథాతథంగా పనిచేయవు. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో చేసే పద్ధతి క్లుప్తంగా.

మాట రాని పిల్లలకు నాలుగు బొమ్మ కార్డులు: వద్దు, ఆపు, నొప్పి, నీతో చెప్పాలి. అరచేతి సైజు, లామినేషన్ చేసి, నాలుగూ ఒక రింగుకు గుచ్చి నడుముకో సంచికో తగిలించాలి. బీరువాలో ఉన్న కార్డు ఎందుకూ కొరగాదు. మొదట తిండి దగ్గర అలవాటు చెయ్యండి. ఇంకో ఇడ్లీ పెట్టబోతుంటే "వద్దు" కార్డు చూపాలి, చూపగానే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. రోజుకు పదిసార్లు ఆ కార్డుకు ఫలితం కనబడితేనే అవసరమైన రోజు చెయ్యి దానిమీదికి వెళ్తుంది.

మరుగుదొడ్డికి సాయం కావలసిన పిల్లలకు "చెడ్డీ చోట ఎవరూ ముట్టుకోకూడదు" అన్న నియమం అయోమయం. వాళ్లకు మనిషిని బట్టి నియమం: శుభ్రం చేసేవాళ్లు వీళ్లిద్దరే, ఇదిగో ఫొటోలు; ఈ గదిలోనే; ముందు చెప్పి, నీళ్లు చూపించి, తర్వాతే. కొత్త మనిషి వస్తే ఫొటో మార్చి, పాత మనిషి దగ్గరుండి పరిచయం చెయ్యాలి. చూపు లేని పిల్లలకు బొమ్మల బదులు బట్టతో కుట్టిన బొమ్మ, చెడ్డీ చోట గరుకు గుడ్డ. గోలకు బెదిరే పిల్లలకు "వద్దు!" అని 24 మందీ కలిసి అరవడమే నరకం. వాళ్లను ముందే పక్కన కూర్చోబెట్టి చేతి సైగతో చేయించండి.

---

పలకాబలపం

అందరికీ ధన్యవాదాలు. నాటకం, బహుమతులు తీసేశాం. వైకుంఠపాళి మాత్రం పిల్లలకు ఇష్టం, దాన్ని బతికించే దారి ఉందా? ఆరు వారాల వరుస కూడా చెప్తే మేలు.

---

ఆటలపెట్టె

ఉంది. 100 గళ్లు ఈ వయసుకు ఎక్కువ, 20 నిమిషాల్లో తేలదు. 36 గళ్లు చాలు, వరుసకు ఆరు. నిచ్చెనలు ఐదు, అన్నీ చెప్పడం మీదే: "అమ్మమ్మకు చెప్పావు", "ఒకరు వినలేదు, ఇంకొకరికి చెప్పావు", "చాలా రోజుల తర్వాత చెప్పావు". ఆఖరిది అన్నిటికంటే పొడుగు నిచ్చెన కావాలి. పాములొద్దు. వాటి బదులు మూడు మబ్బులు: "పెద్దవాళ్లు పనిలో ఉన్నారు". మబ్బు మీద పడితే కిందికి జారడం ఉండదు. పిల్ల తన చేతి బొమ్మలో ఇంకో వేలు పైకెత్తి "నీకొకటి చెప్పాలి" అంటే అక్కడినుంచి కదులుతుంది. జట్టుకు ఒకే కాయ, అందరూ కలిసి పైకెక్కుతారు, కాబట్టి ఓడేవాళ్లుండరు. కాయ పెద్దది పెట్టండి, చింతగింజ అయితే తోపులాటలో ఎగిరిపోతుంది.

వరుస: మొదటి వారం పలకరింపు బొమ్మలు, గిలిగింతల "ఆపు" ఆట. గిలిగింతలు ఎవరికి వాళ్లు తమ అరచేతి మీదే పెట్టుకోవాలి, మీరు "ఆపు" అనగానే చేతులు పైకి. రెండో వారం బొమ్మకు బట్టలు. మూడో వారం నేల-బండ. నాలుగో వారం చేతి బొమ్మ, రెండు డబ్బాలు. ఐదో వారం మూడు కుర్చీలు, ఆ వారంలో ఇంకో రెండు రోజులు పావుగంటేసి అడిగి తీసుకోండి. ఆరో వారం కొందరితో మళ్లీ మూడు కుర్చీలు, మిగిలిన టైములో వైకుంఠపాళి.

ఆరు వారాలతో అయిపోయిందనుకోవద్దు. పరిశోధనలన్నీ కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2015లో తెచ్చిన సమీక్ష బడుల్లో చేసిన 24 అధ్యయనాలను, 5,802 మంది పిల్లలను కలిపి చూసింది. పిల్లల తెలివిడి పెరుగుతోంది, ఆరు నెలల దాకా నిలుస్తోంది. వేధింపు నిజంగా తగ్గుతోందా అన్నది మాత్రం వాటిలో తేలలేదు. అందుకే నిమ్మళం గారు చెప్పిన మరుగుదొడ్డి గడియ పని ముందు చూడండి. మూడో నెలలో నేల-బండ కొత్త కార్డులతో ఒకసారి, ఆరో నెలలో మూడు కుర్చీలు ఒకసారి తిప్పండి.

ప్రతి పీరియడు చివర ఐదు నిమిషాలు మామూలు ఆట, ఒప్పులకుప్పో తొక్కుడుబిళ్లో ఆడనివ్వండి. ఆ ఐదు నిమిషాలూ మీరు దస్త్రాలు రాసుకోకుండా గుమ్మం దగ్గర ఖాళీగా నిలబడండి. చెప్పాలనుకున్న పిల్ల వచ్చేది అప్పుడే.